ఖాళీ పలుపు

మార్చి 2, 2025. ఆదివారం

ఉగాది కప్పు మొదటి ఆట. సుగటూరు మీద గెలిచారు. మావాళ్ళు డెబ్బై తొమ్మిది, వాళ్ళు అరవై ఒకటి. పాత బంగారు గనుల సైనైడ్ గుట్ట వైపు నుంచి గాలి. స్కోరు బుక్కు నిండా దుమ్ము. మూడుసార్లు ఊదాను.

చివరి ఓవర్ మా బౌలరు మునేష్ వేశాడు. అప్పటికి సుగటూరుకు ఇంకా ఇరవై రెండు కావాలి. ఆ ఓవర్ మా ఆవు వేసినా గెలిచేవాళ్ళు. అయినా మా ఊరి బచ్చప్ప బౌండరీ గీత దగ్గర నిలబడి తువ్వాలు తిప్పాడు.

"చూసినారా! వాణ్ణి చివరికి దాచిపెట్టినాము, అందుకే గెలిచినాము!"

దాచిపెట్టినాము అంట. వీడు దాచింది పొద్దున టెంపో ఎక్కే ముందు తిన్న ఆరు ఇడ్లీలు.

ఆవు మాట స్కోరు బుక్కు అంచున రాశాను. ఇడ్లీ మాట ఇక్కడ. బుక్కు అంచున నేను తెలుగులో రాస్తాను. క్యాసంబళ్ళిలో మా వాళ్ళందరి నోటా తెలుగే, చదవడం మాత్రం ఒక్కడికీ రాదు. బడి కన్నడం. నాకు మా నాయన ఇసుకలో దిద్దించాడు. నాతో పాటు చదవగలిగిన ఇద్దరూ పోయారు. ఇప్పుడు ఊరి నడుమ నిలబడి తిట్టినా వినబడనట్టు. బాగుంటుంది.

మార్చి 3

పాలు పోయడానికి వెళితే డెయిరీ దగ్గర సభ. రోజూ ఉండేదే, ఉగాది కప్పు రోజుల్లో ఇంకా ఎక్కువ. ఒకడు కూడా జీవితంలో పది బంతులు సరిగ్గా వేసినవాడు కాదు. బచ్చప్ప తప్ప.

"మునేష్‌కు ఎనిమిదో ఓవరు, పదో ఓవరు. మార్చే పనే లేదు" అన్నాడు బచ్చప్ప. పది ఓవర్ల ఆటలో ఒక్కొక్కరికి రెండే ఓవర్లు కదా, ఆ రెండూ చివరికి దాచాలని వాడి వేదం.

"మధ్యలో మా ఆనంద్ ఉండాడు కదప్పా. ఆరో ఓవర్ వానిదే" అన్నాడు అంగడి సోమశేఖర్. ఆనంద్ అతని అక్క కొడుకు. జట్టు చొక్కాల మీద సోమశేఖర్ అంగడి పేరు ఉంటుంది. ఆ పేరు చాటున ఆనంద్ బౌలింగ్ ఉంటుంది.

"ఏమప్పా రైటరూ, నువ్వేమంటావు?" బచ్చప్ప నన్ను అడిగాడు. జవాబు కోసం కాదు, నవ్వడానికి.

నేను క్యాను ఎత్తి పాలు పోశాను.

"రైటరు నోరు బుక్కులో పెట్టి మూసేసినాడప్పా!"

అందరూ నవ్వారు. డెయిరీ సెక్రటరీ కూడా. ఆయనకు ఆరో ఓవర్‌కూ ఆరో నంబరు క్యానుకూ తేడా తెలియదు.

నేను ఆడిన రోజుల సంగతి ఇక్కడ రాయను.

మార్చి 5

మునేష్ ఇంటి ముందు నుంచి వచ్చాను. గడపకు పలుపు తాడు అలాగే ఉంది.

ఏ మహానుభావుడు పెట్టాడో ఈ ఆచారం. కప్పుతో పాటు పొట్టేలు ఇస్తారు. దాన్ని పట్టుకొని రావడానికి ఊరి నుంచి పలుపు తీసుకుపోతారు. గెలిస్తే ఉగాది మరునాడు, హొసతొడకు రోజు, ఊరంతా తింటుంది. ఓడితే ఖాళీ పలుపు తెచ్చి ఓడగొట్టినవాడి గడపకు తల తగిలేంత ఎత్తున అడ్డంగా కడతారు, తప్పెటతో. మళ్ళీ ఉగాది దాకా విప్పకూడదు. ఎన్నో ఏళ్ళుగా కట్టే పని బచ్చప్పది. అంత శ్రద్ధగా వాడు ఆవును కూడా కట్టడు.

మునేష్ తల్లి ముగ్గు వేస్తూ ఉంది. "పిల్లనిచ్చేవాళ్ళు వచ్చినారప్పా మొన్న. గడపకు ఈ పలుపేమని అడిగినారు. ఏమని చెప్పేది?" అంది. కాఫీ తాగి పోయారట. మళ్ళీ ఫోను లేదు. మునేష్ ఇప్పుడు టమాటా టెంపో తోలుకొని తెల్లవారకముందే వెళ్ళిపోతాడు. టీ అంగడి వైపు రాడు.

పోయిన ఏడు ఫైనల్లో మునేష్ చేతికి చివరి ఓవర్ ఇచ్చేటప్పటికి అవతలివాళ్ళకు కావలసింది నాలుగు పరుగులు. రెండు బంతుల్లో అయింది. ఆరో ఓవర్లో ఆనంద్ ఇచ్చింది ఇరవై ఆరు. ఆట పోయింది అక్కడ. పలుపు కట్టింది ఇక్కడ.

బుక్కు తెరిచి చూపిస్తే ఒక్క నిమిషం పని.

నాది రాసే పని. చెప్పే పని కాదు.

మార్చి 9

రాబర్ట్‌సన్‌పేట జట్టు మీద గెలిచారు. ఆరో ఓవర్, ఆనంద్, పందొమ్మిది. అవతలివాళ్ళు వాళ్ళలో వాళ్ళే గుద్దుకొని రెండు రన్నౌట్లు. మూర్ఖులకు ఇంకా పెద్ద మూర్ఖులు దొరికారు.

మార్చి 11

మా ఇంటామె మునివెంకటమ్మ అడిగింది. "ఏమి రాస్తావయ్యా దినామూ?"

"లెక్క."

"యాడ లెక్క? మనకుండేది ఒక ఆవు, ఒక దూడ. అది కూడా నాకు నోటికే వస్తుంది."

మార్చి 12

కెప్టెన్ శశికుమార్ పెండ్లాం వచ్చింది. చంద్రిక. పెళ్ళయి మూడు నెలలు. టోర్నమెంటువాళ్ళకు స్కోర్లు ఫోటో తీసి పంపాలట, శశికుమార్ పట్టుపురుగుల షెడ్డు వదిలి రాలేడట. బుక్కు ఇచ్చాను. మర్యాద గల పిల్ల. చెప్పులు బయట విడిచి వచ్చింది.

మార్చి 13

పాలు పితుకుతూ ఉంటే తట్టింది. ఆ పిల్లది పుంగనూరు.

పుంగనూరులో బడి తెలుగు.

చేయి ఆగిపోయింది. ఆవు తిరిగి చూసింది.

మార్చి 14

బుక్కు తెచ్చి ఇచ్చింది. మునివెంకటమ్మ పెరట్లో ఉంది. ఆ పిల్ల అరుగు మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

"తాతా, సోమశేఖరన్న గురించి అంచున రాసింది చదివి కడుపు పట్టుకొని నవ్వినాను."

నేను పెరటి వైపు చూశాను.

"ఎవరికీ చెప్పలేదులే. మా ఆయన అడిగినాడు ఎందుకు నవ్వతావని. అత్త మాట గుర్తొచ్చిందని చెప్పినాను." తర్వాత నవ్వు ఆపింది. "పోయినేడు ఫైనల్ పక్కన రాసినావే. ఆట ఆరో ఓవర్లోనే పోయింది, మునేష్ తప్పు లేదు అని. అది నిజమా?"

"ఊఁ."

"మునేషన్నకు చెప్పినావా?"

నేను బుక్కు మీద దుమ్ము ఊదాను. దుమ్ము లేదు.

"ఎవరికన్నా చెప్పినావా తాతా?"

"నేను రాసేవాణ్ణమ్మా."

ఆ పిల్ల నా వైపు చూసిన చూపు బాగాలేదు. నేను డెయిరీ దగ్గర బచ్చప్ప వైపు చూస్తానే, అట్లాంటి చూపు. మూడు నెలల కింద వచ్చిన పిల్ల. ఆమెకేం తెలుసు ఈ ఊరి సంగతి.

"మంచి బౌలరు ఉండేది ఆట చెయ్యి జారేటప్పుడు ఆపేదానికి కదా తాతా. అంతా అయినాక వచ్చి ఏం చేస్తాడు?"

అది నేను బుక్కులో రాసిన మాటే. నాకే తిరిగి చెప్పింది.

మార్చి 16. ఆదివారం

సెమీఫైనల్. రాయాలి వరసగా.

మావాళ్ళు డెబ్బై నాలుగు. అవతలివాళ్ళు ఐదు ఓవర్లలో నలభై మూడు, ఒక్క వికెట్టే. ఆనంద్ చేతులు రుద్దుకుంటూ బంతి కోసం వచ్చాడు. శశికుమార్ బంతి మునేష్‌కు ఇచ్చాడు.

గీత బయట గోల. "ఏయ్, అది ఎనిమిదో ఓవర్ కాదురా!" అని బచ్చప్ప. వాడికి లెక్క వచ్చని అందరికీ తెలిసింది.

మునేష్ ఆరో ఓవర్లో రెండు పరుగులిచ్చి రెండు వికెట్లు తీశాడు. ఏడోది వేరేవాడు వేశాడు, ఎనిమిదోది మళ్ళీ మునేష్. అతని రెండు ఓవర్లలో అయిదు పరుగులు, మూడు వికెట్లు. అవతలివాళ్ళ నడుము విరిగింది. చివరి ఓవర్‌కు వాళ్ళకు పద్దెనిమిది కావాలి. ఆనంద్ వేశాడు. పదిహేను ఇచ్చాడు. గెలిచారు.

ఆనంద్‌ను భుజాల మీద ఎత్తుకున్నారు! పదిహేను పరుగులు ఇచ్చినవాణ్ణి! సోమశేఖర్ దండ వేశాడు. మునేష్ ఒక పక్కన కూర్చొని కాలి గోటిలో దుమ్ము తీసుకుంటూ ఉన్నాడు. బుక్కు అంచున రాయడానికి చోటు చాలలేదు.

మార్చి 17

డెయిరీ.

"చివరి ఓవర్ మా ఆనంద్ గెలిపించినాడు. మునేష్‌ను ముందే వాడేసి పాడు చేసినారు, ఆనంద్ కాపాడినాడు" అన్నాడు సోమశేఖర్.

"ఎవరు చెప్పినారంట శశికుమార్‌కు, ఆరో ఓవర్ మునేష్‌కు ఇయ్యమని?" అని ఇంకొకడు.

"ఇంగెవరు? పెండ్లాం" అన్నాడు బచ్చప్ప. "పుంగనూరు నుంచి కోచ్‌ను తెచ్చుకున్నాడు మావోడు. వంట చేస్తుంది, పురుగులకు ఆకేస్తుంది, బౌలింగు మారుస్తుంది."

నవ్వులు. శశికుమార్ పాల క్యానుతో వెనకే నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రబడింది. ఆ పిల్ల నా పేరు చెప్పలేదన్నమాట.

నేను పాలు పోశాను. కొవ్వు నాలుగు పాయింట్ రెండు.

మార్చి 19

ఆడపిల్లలు బావి దగ్గర చంద్రికను "కోచమ్మా" అని పిలుస్తున్నారని మునివెంకటమ్మ చెప్పింది. "ఆ పిల్లకు ఎవరు నేర్పించినారో ఈ ఆట మాటలు?" అంది.

నాకు తెలియదన్నాను.

మార్చి 20

నేనేం చేస్తాను. ఆమె బుక్కు చదవమని నేను చెప్పానా?

మార్చి 23. ఆదివారం

డెయిరీ ముందు మీటింగు. ఫైనల్ రాయల్పాడు మీద, ఉగాది రోజు. అందరూ వచ్చారు. నన్ను బుక్కు తెమ్మన్నారు. ఎవడూ తెరవలేదు. తేవడం మర్యాదకు.

సోమశేఖర్ లేచాడు. "నా పేరుండే చొక్కా వేసుకొని నా మాట వినకుంటే ఎట్లప్పా? ఫైనల్లో ఆరో ఓవర్ ఆనంద్‌ది. మునేష్ చివరికి. ఒప్పుకుంటావా లేదా?"

శశికుమార్ ఏదో చెప్పబోయాడు. "లెక్క చూస్తే అన్నా..."

"యాడుండాది లెక్క? నీ పెండ్లాం కొంగులోనా?" అని బచ్చప్ప.

లెక్క నా ఒడిలో ఉంది. చంద్రిక ఆడవాళ్ళ మధ్య నిలబడి నా వైపు చూసింది. నేను అట్ట మీద పేరు చదువుకున్నాను. నా పేరే. అంజినప్ప.

శశికుమార్ తల వంచాడు. "సరేలేన్నా. మునేష్ చివరికే."

మునేష్ గోడకు ఆనుకొని వింటూ ఉన్నాడు. "ఓడితే ఈసారి కూడా నా గడపకేనా?" అని అడిగాడు. మెల్లగా అడిగాడు.

"చివరి ఓవర్ వేసినోడిదే బాధ్యత. అది రూలు" అన్నాడు బచ్చప్ప.

అందరూ లేచిపోయారు. మంద. ముందు నడిచేదాని తోక చూసి నడిచేవాళ్ళు. అందులో చివర నడిచింది నేను, బుక్కు చంకలో పెట్టుకొని.

మార్చి 24

1987. రాయనన్నాను. రాస్తాను.

అప్పుడు కెప్టెన్ నేను. బచ్చప్ప మా బౌలరు. మునేష్ వాడి కాలిగోటికి చాలడు. అప్పుడు వాడు నన్ను "అన్నా" అని పిలిచేవాడు. ఫైనల్లో ఐదో ఓవర్ అయినాక "నాకియ్యన్నా, ఆట పోతా ఉండాది" అన్నాడు. "నిన్ను చివరికి దాచాల్ల" అన్నాను. ఆరో ఓవర్లో ఇరవై మూడు పోయాయి. చివరి ఓవర్ వాడి చేతికి ఇచ్చేటప్పటికి కావలసింది రెండు పరుగులు.

వాడి గడపకు పలుపు కట్టారు. ముడి వేసింది నేను.

వాడు ఆ ఏడాదంతా దాని కింద నుంచే వంగి ఇంట్లోకి పోయి వచ్చాడు. తర్వాత ఉగాది నుంచి కట్టే పని తనే తీసుకున్నాడు. నేను ఆడడం మానేసి బుక్కు పట్టుకున్నాను. "అన్నా" పోయి "రైటరూ" వచ్చింది.

"చివరికి దాచాల్ల." డెయిరీ దగ్గర రోజూ వాడు అనేది, నేను రోజూ అసహ్యించుకునేది, ఆ మాట నాదే.

మార్చి 26

గాలి. ఆవు పాలు తగ్గించింది.

మార్చి 29

రేపు ఆట. పెన్ను రెండు. ఒకటి ఎప్పుడూ ఆగుతుంది.

మార్చి 30. ఉగాది

పొద్దున మునేష్ గడప నుంచి పలుపు విప్పారు. వాళ్ళమ్మ ఆ చోట పసుపు రాసింది. పొట్టేలు టోర్నమెంటు షామియానా పక్కన కట్టేసి ఉంది, నల్లది, కొమ్ములకు రంగు పూసి. దానికి మావాళ్ళ కంటే తెలివి ఉన్నట్టు కనిపించింది.

మావాళ్ళు ఎనభై నాలుగు. రాయల్పాడు ఐదో ఓవర్ చివరి బంతికి ఫోర్ కొట్టింది. ముప్పై ఎనిమిది, రెండు వికెట్లు. ఇద్దరు బ్యాట్స్‌మెన్లకూ కన్ను కుదిరింది. ఆనంద్ బంతి తీసుకున్నాడు.

అంపైర్ ఫోర్ అని నా వైపు చెయ్యి ఊపాడు. అంపైర్ చెయ్యి ఊపితే స్కోరు రాసేవాడు చెయ్యి ఎత్తాలి. ఎత్తేదాకా తర్వాత బంతి వేయకూడదు. ఇన్నేళ్ళలో నేను ఎత్తకుండా ఉన్నది లేదు.

ఎత్తలేదు.

మళ్ళీ ఊపాడు. నేను బుక్కు మూశాను. విజిల్ వేశాడు. అందరూ తిరిగారు. అంతమంది నన్ను ఎప్పుడూ చూడలేదు.

శశికుమార్ పరుగెత్తి వచ్చాడు. "ఏమాయ తాతా? లెక్క తప్పిందా?"

"తప్పతా ఉండాది. ఆరో ఓవర్ మునేష్‌కు ఇయ్యి."

"మీటింగులో మాటిచ్చినాను కదా తాతా..."

అప్పటికే బచ్చప్ప, సోమశేఖర్ వచ్చి మీద పడ్డారు. "రైటరు రాయాల్ల! ఆట ఆపేదానికి నువ్వెవడు?" బచ్చప్ప బల్ల మీద కొట్టాడు. పెన్ను కింద పడింది. ఆగే పెన్ను.

"ఆ పిల్ల సొంతంగా ఏమీ చెప్పలేదు. అంతా నేను రాసింది. పోయినేడు ఆరో ఓవర్ ఇరవై ఆరు. మునేష్ తప్పు కాదు." బచ్చప్ప వైపు తిరిగాను. "ఎనభై ఏడులో ఆరో ఓవర్ ఇరవై మూడు. నీ తప్పు కాదు బచ్చప్పా. కెప్టెను నేను."

బచ్చప్ప బల్ల మీద నుంచి చెయ్యి తీసేశాడు. తువ్వాలు దించి భుజాన వేసుకున్నాడు. అది కూడా నేను మొదటిసారి చూశాను.

సోమశేఖర్ మాత్రం ఆపలేదు. "ఓడితే ఎవరప్పా బాధ్యత? ముసలోడా?"

"నా గడపకు కట్టండి" అన్నాను.

శశికుమార్ తిరిగిపోయి ఆనంద్ చేతిలో నుంచి బంతి తీసుకున్నాడు. నేను చెయ్యి ఎత్తాను.

మునేష్ ఆరో ఓవర్ మూడు పరుగులు, రెండు వికెట్లు. ఎనిమిదో ఓవర్ ఆరు పరుగులు, ఒక వికెట్. పదో ఓవర్‌కు రాయల్పాడుకు కావలసింది పదిహేను. ఆనంద్ వేశాడు. చివరి బంతికి సిక్స్ పోయింది. సైనైడ్ గుట్ట మొదట్లో పడింది బంతి.

పొట్టేలు రాయల్పాడు టెంపో ఎక్కింది. చక్కగా, తోయకుండానే ఎక్కింది.

తిరుగుదారిలో టెంపో అంతా ఒకటే మాట. మునేష్‌ను చివరికి దాచి ఉంటే గెలిచేవాళ్ళమట. ముసలోడు చెడగొట్టాడట. ఆనంద్ ఆరో ఓవర్ వేసి ఉంటే పదో ఓవర్ దాకా ఆట ఉండేదే కాదని ఒక్క బుర్రకూ ఎక్కదు. నాకు కూడా బంగారుపేట రైల్వే గేటు దగ్గర ఒకసారి అనుమానం వచ్చింది. గేటు దాటాక పోయింది.

మునేష్ నా పక్కన కూర్చున్నాడు. దిగేటప్పుడు బుక్కు పట్టుకున్నాడు, నేను జారకుండా.

మార్చి 31. హొసతొడకు

పొట్టేలు లేదు కాబట్టి ఊరంతా కోళ్ళు. మసాలా వాసన. చంద్రిక గిన్నెలో కూర తెచ్చి పెట్టింది. "తాతా, ఇంగ బుక్కు అంచున చిన్నగా రాయి. నా కండ్లు పోతా ఉండాయి" అని నవ్వి పోయింది.

పది గంటలకు బచ్చప్ప వచ్చాడు. భుజాన పలుపు. ప్రతిసారీ తప్పెట, పిల్లల గుంపు ఉంటుంది. ఈసారి ఒక్కడే. నేను అరుగు మీద ఉన్నాను. గడపకు కట్టాడు. మూడు ముళ్ళు.

మునివెంకటమ్మ బయటికి వచ్చి చూసింది. "కట్టప్పా, కట్టు. దూడకు పలుపు లేక నెలయింది."

వాడు పోలేదు. అరుగు చివర కూర్చున్నాడు.

"అది ఉండాదా?"

"ఏది?"

"ఎనభై ఏడుది."

పెట్టె అడుగు నుంచి ఆ ఏటి బుక్కు తీసి ఇచ్చాను. కెప్టెన్‌నని అది అప్పుడు నా దగ్గరే ఉండిపోయింది. అట్ట చెదలు కొంచెం తిన్నది. వాడు వేలు పెట్టి ఆరో ఓవర్ వెతికాడు. అంకెలు చదివాడు. అంచున నా అక్షరాలు చూసి బుక్కు అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఏమి రాసినావు?"

చదివాను. "ఆరో ఓవర్ బచ్చప్పకు ఇవ్వాల్సింది. అడిగినాడు. ఇవ్వలేదు. ఆట పోగొట్టింది నేను. బచ్చప్ప కాదు."

"ఎప్పుడు రాసినావు?"

"ఆ దినమే."

"ఆ దినమే రాసి, వచ్చి నా గడపకు ముడేసినావు."

"వేసినాను."

వాడు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ముక్కు కారింది, తువ్వాలుతో తుడుచుకున్నాడు, ఆటల్లో తిప్పే ఆ తువ్వాలుతోనే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చూడడానికి అసహ్యంగా ఉంది. నేను వీధి వైపు చూశాను.

"ఇంగొక సారి చదువన్నా."

చదివాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చదివాను. నాలుగు సార్లు చదివించాడు. వాడికి ఏదీ ఒక్కసారికి ఎక్కదు.